అల్లుడుగారి షట్టరు

జగ్గయ్యపేట బజారులోకి గవర్నమెంటు జీపు వస్తే ఒక చప్పుడు మొదలవుతుంది. జీపుది కాదు, షట్టర్లది. మూలమీది రంగుల కొట్టాయన ముందు తన షట్టరు సగానికి దించుతాడు. అది విని పక్కాయన, ఆయన్ని చూసి ఆ పక్కాయన. జీపు వీధి మధ్యకి వచ్చేసరికి రెండు వైపులా కొట్లన్నీ నడుందాకా మూసుకుని ఉంటాయి. పూర్తిగా మూయరు. పూర్తిగా మూస్తే భయపడినట్టు, తెరిచి ఉంచితే రమ్మని పిలిచినట్టు. సగం దించితే యజమాని భోజనానికి వెళ్ళాడని లెక్క. ఆ యజమాని లోపల స్టూలు మీదే కూర్చుని ఉంటాడు. వంగి చూస్తే ఆయన పాదాలు కనపడుతుంటాయి.

ఇది తప్పు చేసినవాళ్ళు చేసే పని అనుకుంటే పొరపాటు. లైసెన్సులన్నీ ఫ్రేములు కట్టించి గోడకి తగిలించుకున్నవాడూ దించుతాడు, కాటాకి ఏటేటా ముద్ర వేయించుకునేవాడూ దించుతాడు. పన్ను కట్టటంలో ఊరందరికంటే ముందుండే పెద్దమనిషి కూడా దించుతాడు. ఎందుకండీ అని అడిగితే, "వాళ్ళతో మనకేం పని లెండి" అంటాడు. అంతకు మించి చెప్పడు.

నేను నందిగామలో ప్లీడర్ని. ఈ బజారు మీద నాకు కోపం ఉండటానికి వృత్తిపరమైన కారణం కూడా ఉంది. ఇన్నేళ్ళ ప్రాక్టీసులో ఆ వీధి నుంచి వచ్చి "కేసు వెయ్యండి" అన్న మనిషి ఒక్కడు లేడు. వచ్చినవాళ్ళంతా "కేసు లేకుండా ఏదన్నా దారుందాండీ" అంటూ వచ్చినవాళ్ళే. అక్కడ తగాదాలు లేక కాదు. ఉమ్మడి గోడల గొడవలున్నాయి, అన్నదమ్ముల పంపకాలున్నాయి. అన్నీ వాళ్ళ సంఘం మండపంలో పెద్దలు కూర్చుని తేల్చేస్తారు. కర్పూరం వెలిగించి దాని ముందు చెప్పిన మాటకి అక్కడున్న విలువ నా స్టాంపు కాగితానికి లేదు. మండపంలో తీర్పు ఉదయం మొదలై భోజనాల వేళకి అయిపోతుంది. మా కోర్టు సంగతి నేను చెప్పను, అందరికీ తెలిసిందే.

అలాంటి వీధిలో ముప్ఫై ఏళ్ళకి పైగా బతికి కూడా షట్టరు దించటం చేతకాని మనిషి ఒకాయన ఉన్నాడు. తాళ్ళ కొట్టు అల్లుడుగారు.

మా ఊరు వీరులపాడు. పొలానికి కావలసిన పగ్గాలు, ముకుతాళ్ళు, గోనెసంచులు మా నాన్న ఆయన కొట్లోనే కొనేవాడు. ఎడ్లు పోయాయి, పగ్గాలతో పని తప్పింది. మిర్చి కల్లాల మీద కప్పే టార్పాలిన్ పట్టాల కోసం ఇప్పుడు నేను వెళుతుంటాను. అల్లుడుగారు సన్నగా, పొడుగ్గా ఉంటాడు. చొక్కా చేతుల మీద ఎప్పుడూ జనపనార నూగు అంటుకుని ఉంటుంది. సొంతూరు పాలేరు ఏటికి అవతల, కోదాడ దిక్కు ఒక పల్లె. ఇక్కడి తాళ్ళ కొట్టువారి ఏకైక కూతురు వాసవాంబను చేసుకుని ఇల్లరికం వచ్చాడు. మామగారి వీధి కాబట్టి వీధంతా ఆయన్ని అల్లుడుగారూ అనేది. మామగారు పోయాడు. ఈయనకీ తల నెరిసింది. పిలుపు మాత్రం మారలేదు. ఆయన వచ్చాక పుట్టి, పెళ్ళిళ్ళు చేసుకున్నవాళ్ళు కూడా అల్లుడుగారనే అంటారు. మా నాన్న అలాగే పిలిచేవాడు, నేనూ అంతే.

అసలు పేరు ఓంకారం. అది నాకు తెలిసింది వాసవాంబగారు పోయాక, కొట్టు లైసెన్సు ఆవిడ పేరు నుంచి మార్పించుకోవటానికి ఆయన నా దగ్గరకి వచ్చినప్పుడు. వాళ్ళకి పిల్లల్లేరు.

పెళ్ళయిన మొదటి ఏడు జరిగిన సంగతి ఆయనే ఒకసారి చెప్పాడు. మామగారు మండపానికి వెళ్ళారు. కొట్లో కొత్త అల్లుడు ఒక్కడే ఉన్నాడు. జీపు వచ్చింది, వీధంతా షట్టర్లు దిగాయి. ఈయన ఏదో ఊరేగింపు వస్తోందనుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఆఫీసరుకి నమస్కారం పెట్టి, కూర్చోండి సార్, మంచినీళ్ళు తాగండి అన్నాడు. ఆయన కూర్చుని, నీళ్ళు తాగి, రేట్ల బోర్డు బయట పెట్టుకోమని చెప్పి వెళ్ళిపోయాడు. ఈలోగా కబురందిన మామగారు పై పంచె జారిపోతుంటే పరిగెత్తుకుంటూ వచ్చి షట్టరు బయట నుంచి లాగిపారేశాడు. లోపల చీకట్లో అల్లుడొక్కడే మిగిలాడు. ఆ సాయంత్రం వీధంతా మాట్లాడుకున్నది ఒకటే. అల్లుడికి ఆఫీసర్లతో లోపాయకారీ ఏదో ఉందని.

"నాకేం తెలుసు సార్?" అన్నాడు నాతో. "మా దిక్కు అట్ల లేదు. మా తాత బండి మీద సరుకు తీసుకపోతుంటే నాకా కాడ సుంకపోళ్ళు ఆపిండ్రంట. నిజాం కాలం. మా తాతకి ఒక్క అక్షరం రాదు. సీదా పోయి దొర డేరా ముందర నిలబడ్డడంట. పొద్దుగూకేదాక నిలబడ్డడు. ఆయన బయటికొచ్చి, ఏందయ్యా అంటే చెప్పుకున్నడు. ఆయన విని, పోనీయండి అన్నడంట. సర్కారంటే ఏంది సార్, మనిషే గదా. తిడతడు, కొడతడు, కానీ చెవులుంటయి. పోయి చెప్పుకోవాలె. మా ఇంట్ల అందరం అదే ఇన్నం."

వాసవాంబగారి వైపు కథ వేరు. ఆవిడ తాతగారు పక్కింటివాళ్ళ దస్తావేజులో సాక్షి సంతకం పెట్టాడట. మొహమాటానికి పెట్టిన సంతకం. ఆ దస్తావేజు మీద దావా పడి, నందిగామ మునసబు కోర్టు చుట్టూ తన పని కానిదానికి ఏళ్ళ తరబడి తిరిగాడు. చివరికి ఒక వేసవిలో, మళ్ళీ వాయిదా అని విన్నాక కోర్టు వరండాలోనే కూలబడి ప్రాణం విడిచాడు. అప్పటి నుంచి ఆ ఇంట్లో సంతకం అంటే భయం. వీధిలో ప్రతి ఇంటికీ ఇలాంటి కథ ఒకటుంది.

నేను లా చదివినప్పుడు ఇవేవీ చెప్పలేదు. పాలేరుకి అవతల నిజాం పాలనలో చట్టం మనిషి రూపంలో వచ్చింది, ఇవతల తెల్లవాళ్ళ పాలనలో కాగితం రూపంలో వచ్చింది. మనిషైతే బతిమాలుకోవచ్చు, కాగితాన్ని బతిమాలలేం. ఆ పాలనలు రెండూ పోయి ఎంతో కాలమైంది. రాష్ట్రాలు వేరైనా రెండు పక్కలా ఇప్పుడు దాదాపు ఒకటే చట్టం, అవే ఫారాలు, పన్ను కట్టేది అదే వెబ్‌సైటులో. అయినా సర్కారు మంచిదా చెడ్డదా అని అడిగితే ఇవతలి వ్యాపారి తాతగారి కోర్టు వరండా తలుచుకుంటాడు. అవతలివాడు తన తాత నిలబడ్డ డేరా తలుచుకుంటాడు. ఇద్దరూ నిజమే చెబుతారు.

వాసవాంబగారు ఉన్నంతకాలం ఈ తేడా ఆయన్ని బాధ పెట్టలేదు. షట్టరు లాగటానికి చివర కొక్కెం ఉన్న పొడుగాటి ఇనప కడ్డీ ఒకటి కొట్లో ఉండేది. వీధిలో చప్పుడు మొదలవగానే ఆవిడ కడ్డీ తీసుకుని, "మీరు లోపలికి రండి" అని ఆయన్ని వెనక్కి జరిపి, తానే దించేది. ఆయనకీ వీధికీ మధ్య ఆవిడ ఒక గుమ్మం. ఎవరింట్లో పెళ్ళి, ఎవరితో ఏం మాట్లాడాలి, మండపంలో ఎక్కడ కూర్చోవాలి, అన్నీ ఆవిడే చెప్పేది.

ఆవిడ పోయినప్పుడు వీధంతా వచ్చింది. పెద్దకర్మ దాకా ఏ లోటూ రానివ్వలేదు, అది చెప్పకపోతే పాపం. ఆ తర్వాత ఎవరి కొట్లో వాళ్ళు కూర్చున్నారు. ఆయన ఇంటికి వెళ్ళటం తగ్గించి కొట్లోనే స్టవ్వు పెట్టుకున్నాడు. పట్టాలు కొనటానికి వెళితే అవసరమైనదానికంటే ఎక్కువసేపు ఉంచేవాడు. తాడు కొలుస్తూ మూరమూరకీ ఆగి ఒక మాట అడిగేవాడు. వీరులపాడులో వాన పడిందా, కీసర దగ్గర లారీలు ఆగినయ్యంట గదా, మిర్చి ఎట్లుంది. జవాబు అయిపోయేదాకా చేతిలో తాడు కదిలేది కాదు. నాకు విసుగొచ్చేది. పని ఉందండీ అని లేచేవాణ్ణి.

రోజూ ఆయన్ని ఎవరైనా తలుచుకునేది ఒక్క టీ వేళకే. ఆ బజారులో వరసకి టీ అని ఒక అలవాటుంది. సాయంత్రం ఒక్కో రోజు ఒక్కో కొట్టాయన తన వరసలో ఉన్న కొట్లన్నిటికీ టీ చెబుతాడు. ఎదురుగా బడ్డీ ఉన్న జయమణి ఫ్లాస్కు, గ్లాసులు పట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరకి పోసుకుంటూ వెళుతుంది. ఎవరి టీ ఎవరు తాగారన్నది ఎవరూ పట్టించుకోరు. వరసలో ఉన్నావంటే గ్లాసు వస్తుంది. వాసవాంబగారు పోయాక షట్టరు దించే పని కూడా వరసలోవాళ్ళే చూసుకున్నారు. పక్క పప్పుల కొట్టు రాధాకృష్ణమూర్తిగారు, వర్తక సంఘానికి ఆయనే అధ్యక్షుడు, తనది దించుకుని రెండడుగులు ఇటు వేసి ఈయనదీ దించేవాడు. అలా గడిచిపోతుండగా ఒక ఏడు పెద్ద వాన వచ్చింది.

వాన సంగతి విస్తరించి చెప్పక్కర్లేదు, ఈ పక్క ఉన్నవాళ్ళందరం చూశాం. తెల్లారేసరికి బజారులోకి నీళ్ళు వచ్చాయి. పల్లం వైపు కొట్లలో కౌంటరు ఎత్తున నిలబడ్డాయి. పప్పుల కొట్లో కందిపప్పు బస్తాలు ఉబ్బి పగిలాయి. తాళ్ళ కొట్లో గోనెసంచుల కట్టలు నీళ్ళు తాగి కదలనంత బరువెక్కాయి. తర్వాత కుళ్ళాయి. నెల గడిచినా ఆ వీధిలో ముక్కు మూసుకునే నడిచాం.

నీళ్ళు తీశాక కొద్ది రోజులకి ఒక జీపు వచ్చింది. షట్టర్లు దిగాయి. ఆ జీపు పన్నులది కాదు, తూకాలది కాదు. వరద నష్టం రాసుకోవటానికి వచ్చింది. మునిగిపోయిన వీధి, తమకి సాయం చేయటానికి వచ్చిన జీపుని చూసి షట్టర్లు దించుకుంది. లోపల తడి గోడల మధ్య, బురద మీద స్టూళ్ళు వేసుకుని కూర్చున్నారు. ఇది విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఒళ్ళు మండింది.

రాధాకృష్ణమూర్తిగారు ఆ వేళకి వెనక గోడౌనులో ఉన్నాడు. అందుకని ఓంకారం షట్టరు దించేవాళ్ళు లేకపోయారు. ఆయన బయట గోనెలు ఆరబెట్టుకుంటున్నాడు. జీపులోంచి దిగినావిడ డిప్యూటీ తహసీల్దారు, పేరు సూసన్. చెప్పుల నిండా బురద, పొద్దుటి నుంచి తిరుగుతున్నట్టుంది. ఈయన స్టూలు తుడిచి వేశాడు. ఆవిడ కూర్చుని, "మీ పేరు చెప్పండి" అంది.

"తాళ్ళ కొట్టు అల్లుడుగారంటరు మేడమ్."

"అది కాదండీ, మీ పేరు."

చెప్పాడు. ఆవిడ రాసుకుంది. "ఓంకారం గారూ, ఈ పక్క కొట్లు మునగలేదా?"

"ఎందుకు మునగలే మేడమ్? అందరివీ మునిగినయి."

"మరి వాళ్ళు వచ్చి చెప్పాలి కదండీ. మీ మాట మీద వాళ్ళ సరుకు నేనెలా రాస్తాను?"

ఆవిడ లేచి అవతలి పక్క కొట్టు షట్టరు మీద తట్టింది. కింద పాదాలు కనపడుతున్నాయి. ఎవరూ పలకలేదు. ఇంకో కొట్టు తట్టి, నిలబడి చూసి, జీపెక్కి వెళ్ళిపోయింది. బాధితుల పేర్లు బయట పెట్టినప్పుడు ఆ వీధి మొత్తానికి ఒకటే కొట్టు ఉంది. తాళ్ళ కొట్టు.

ఆ సాయంత్రం జయమణి ఫ్లాస్కుతో పప్పుల కొట్టు దగ్గర పోసి, తాళ్ళ కొట్టు దాటి, అవతలి కొట్టు ముందు ఆగింది. ఓంకారం గ్లాసు కోసం చెయ్యి చాపి ఉన్నాడు. ఆవిడ ఆయన వంక చూడకుండా, "మీకు పొయ్యొద్దన్నారయ్యా" అంది. ఆయన జేబులోంచి డబ్బు తీసి, వరసలోది కాదు, నేనే కొనుక్కుంటా పొయ్యమన్నాడు. పోసింది. ఆయన తాగలేకపోయాడు.

తర్వాత నెలలు అలాగే గడిచాయి. ఎవరూ తిట్టలేదు. ఎదురుపడితే నమస్కారం పెట్టారు. కానీ ఆయన మండపంలోకి వెళితే మాటలు ఆగిపోయేవి. ఒక రోజు ఉండబట్టలేక అక్కడే రాధాకృష్ణమూర్తిగారిని పట్టుకుని, నేను అందరి గురించీ చెప్పిన, ఆమె రాసుకోలేదు, కర్పూరం తెప్పించండి, ప్రమాణం చేస్తా అన్నాడు.

"కర్పూరాలెందుకండీ అల్లుడుగారూ" అన్నాడు రాధాకృష్ణమూర్తిగారు. "మీరు మా పేర్లు చెప్పలేదని కాదు మా బాధ, చెప్పారేమోనని. ఇవాళ ఇంత సరుకు పోయిందని రాసుకుంటారు. రేపు ఇంకో ఆఫీసు నుంచి ఇంకొకాయన వచ్చి, అంత సరుకు ఎక్కడ కొన్నావు, బిల్లులేవి అంటాడు. ఇచ్చేది ఒక చేత్తో, లాక్కునేది రెండు చేతుల్తో. మా పెద్దలు చూసే దూరంగా ఉన్నారు. మీ పద్ధతి వేరు, మిమ్మల్ని తప్పు పట్టట్లా. కానీ వీధి మొత్తం ఒక తీరుగా ఉన్నప్పుడు ఒక్క కొట్టు తెరిచి ఉంటే, మిగతావాళ్ళం దాక్కున్నట్టు కనపడతాం కదండీ."

ఈ మాటల్లో తప్పు వెతకాలని నేను ప్లీడరు బుద్ధితో చూశాను. అంత తేలిగ్గా దొరకలేదు.

అప్పుడే ఆయన నందిగామ నా ఆఫీసుకి వచ్చాడు. కుర్చీ అంచున కూర్చుని, "సార్, నాకొచ్చే సాయం నాకొద్దు. అందరికీ వచ్చేటట్టు చేయండి. లేకుంటే ఎవరికీ వద్దని రాయండి" అన్నాడు.

నేను పద్ధతి చెప్పాను. కొట్లవాళ్ళంతా కలిసి అర్జీ పెట్టాలి, ఒక్కొక్కరూ సంతకం చేయాలి, దాని మీద మళ్ళీ విచారణ కోరాలి, కాదంటే హైకోర్టుకి వెళ్ళాలి.

"సంతకాలు పెట్టరు సార్."

"అయితే చట్టం ఏం చేయలేదండీ."

"నేను పోయి చెప్పుకుంటే?"

"మీ నోటి మాటకి విలువుండదండీ అల్లుడుగారూ. కాగితం కావాలి."

ఆయన నా వంక కాసేపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. నేనూ ఆ వీధివాళ్ళలాంటివాణ్ణే అని ఆయనకి అప్పుడు అర్థమైనట్టుంది. లేచి వెళ్ళిపోయాడు.

వెళ్ళి, తాత చేసినట్టే చేశాడు. నందిగామలోనే ఉన్న సూసన్ ఆఫీసు వరండాలో పొద్దుట నుంచి నిలబడ్డాడు. మధ్యాహ్నం ఆవిడ బయటికొచ్చి చూసి, "ఓంకారం గారూ, మీరేంటి ఇక్కడ?" అందట. పేరు గుర్తుంది. ఆయన చెప్పుకున్నాడు. ఆవిడ విన్నది. నా చదువంతా చెత్తబుట్టలో వేయాల్సిన సంగతేమిటంటే, ఆవిడ సరేనంది. "అర్జీ వద్దు, సంతకాలొద్దు. వీధి మొత్తం మళ్ళీ విచారణ అని ఫైలు పెట్టుకుంటాను. శుక్రవారం నేనే వస్తా. షట్టర్లు తెరిచి ఉంచి, ఎవరి కొట్టు ముందు వాళ్ళు నిలబడితే చాలు. ఆ రోజు కూడా ఎవరూ పలక్కపోతే మాత్రం ఈ ఫైలు మూసెయ్యాల్సిందే, మీది కూడా" అంది.

ఆయన ఆనందం చూడాలి. జగ్గయ్యపేట వెళ్ళే బస్సెక్కే ముందు నా ఆఫీసుకి వచ్చి, కూర్చోకుండానే అంతా చెప్పాడు. "చెవులుంటయని చెప్పిన గదా సార్" అన్నాడు. శుక్రవారం నన్ను కూడా రమ్మన్నాడు. ఏమీ చేయక్కర్లేదు, ఊరికే ఉండండి చాలన్నాడు. ఆ రెండు మూడు రోజులు కొట్టు కొట్టుకీ తిరిగి బతిమాలాడు. కొందరు చూద్దాం లెండి అన్నారు. కొందరు సరేనన్నారు. రాధాకృష్ణమూర్తిగారు కూడా, "మీరు అంతగా చెబుతున్నారు కాబట్టి" అన్నాడు.

శుక్రవారం నేను వెళ్ళి జయమణి బడ్డీ బల్ల మీద కూర్చున్నాను. తాళ్ళ కొట్టు సరిగ్గా ఎదురుగా ఉంది. ఓంకారం ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. కొట్టు ముందు కడిగి, స్టూలు వేసి, దాని మీద కొత్త తువ్వాలు పరిచాడు. వీధంతా తెరిచే ఉంది. పప్పుల కొట్టు కూడా. రాధాకృష్ణమూర్తిగారు మెట్టు మీద నిలబడి ఉన్నాడు. నేనైతే నమ్మాను. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆ వీధి మీద నా కోపం కాస్త తగ్గింది.

జీపు మలుపు తిరిగింది. రంగుల కొట్టు షట్టరు దిగింది.

ఎవరూ అనుకుని చేసినట్టు లేదు. చెయ్యి అలవాటుగా పైకి వెళ్ళింది, అంతే. రెండోది దిగింది, మూడోది దిగింది. చప్పుడు ఇటువైపే వస్తోంది. రాధాకృష్ణమూర్తిగారు ఒక్క క్షణం తటపటాయించాడు. ఓంకారం ఆయన వంకే చూస్తున్నాడు. ఆయన తల తిప్పుకుని లోపలికి నడిచాడు. పప్పుల కొట్టు షట్టరు కూడా సగానికి వచ్చింది.

ఇక మిగిలింది ఒక్కటే. దాన్ని దించటానికి ఈసారి ఎవరూ రాలేదు. ఓంకారం వీధి ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశాడు. స్టూలు మీద తువ్వాలు చూశాడు. తర్వాత కొట్లోకి వెళ్ళి, మూలనున్న కొక్కెం కడ్డీ తీసుకొచ్చాడు. రాత్రిళ్ళు కొట్టు కట్టేటప్పుడు దించేదే అయినా, జీపు వస్తుండగా దించటం ముప్ఫై ఏళ్ళుగా వేరేవాళ్ళు చేసిన పని కాబట్టి కొక్కెం కుదురుగా తగల్లేదు, రెండు మూడుసార్లు జారింది. నేను లేచి నిలబడ్డాను గానీ కదల్లేదు. చివరికి తగిలింది. ఆయన లోపల నిలబడి లాగాడు. ఎక్కడ ఆపాలో తెలియక పూర్తిగా కిందిదాకా దించేశాడు. అందరివీ పాదాలు కనపడుతున్నాయి, ఆయనవి లేవు.

సూసన్ జీపు దిగి తిన్నగా తాళ్ళ కొట్టు దగ్గరికే వచ్చింది. ఖాళీ స్టూలు, తువ్వాలు, మూసిన షట్టరు చూసి ఆగింది.

"ఓంకారం గారూ" అని పిలిచింది.

 ఆవిడ షట్టరుకి దగ్గరగా వెళ్ళి, ఈసారి కాస్త గట్టిగా, "ఓంకారం గారూ, నేనండీ, సూసన్‌ని" అంది.  వీధిలో ఏ చప్పుడూ లేదు. నేను చెప్పి ఉండొచ్చు, ఆయన లోపలే ఉన్నాడని. ఎవరి తరఫున చెప్పాలో తెలియలేదు. ఆవిడ జీపెక్కింది.

జీపు మలుపు దాటాక షట్టర్లు ఒకటొకటిగా లేచాయి. రాధాకృష్ణమూర్తిగారు బయటికొచ్చి, మూసి ఉన్న పక్క కొట్టు వంక చూశాడు. దగ్గరకొచ్చి తన చేత్తోనే ఆ షట్టరు పైకి లేపాడు.  వీధికి అడ్డంగా కేకేశాడు.

"జయమణీ, వరసకి టీ. అల్లుడుగారిక్కూడా."

జయమణి గ్లాసులు కడుగుతుంటే నేను వీధి దాటి ఆ కొట్లోకి వెళ్ళాను. ఆయన టార్పాలిన్ చుట్టల మీద కూర్చుని ఉన్నాడు. కడ్డీ ఇంకా చేతిలోనే ఉంది. టీ వచ్చింది. ఎన్ని నెలలకో వచ్చిన గ్లాసు. దాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు గానీ తాగలేదు. బయట మెట్టు మీద నుంచి ఎవరో నవ్వుతూ ఆయన్ని కూడా మాటల్లో కలుపుకుంటున్నారు.

"ఎందుకు దించారండీ?" అన్నాను. నా గొంతులో కోపం నాకే వినపడింది.

"మళ్ళ ఒక్కణ్ణే ఎట్ల నిలబడాలె సార్?" అన్నాడు. "ఒంటరిగుండుడు ఇంక నాతోని కాదు. ఇంట్ల ఆమె లేదు. ఇక్కడ గూడ లేకుంటే ఎట్ల?"

"ఆవిడ పిలుస్తుంటే వినపడలేదా?"

"వినపడ్డది." గ్లాసులోకి చూస్తూ అన్నాడు. "మా అమ్మ పోయినాక నన్ను పేరు పెట్టి పిలిచింది ఆ మేడమొక్కతే సార్. రెండుసార్లు పిలిచింది. లోపల నిలబడి విన్న. చీకట్ల."

కళ్ళు తుడుచుకోలేదు, కారనిచ్చాడు. నేను ఆ చుట్టల మీదే పక్కన కూర్చున్నాను. ఆయన భుజం మీద చెయ్యి వేసి, ధైర్యం చెప్పాలనుకుని, నోరు తెరిచాను.

"అల్లుడుగారూ" అన్నాను. నా నోటికి అదే వచ్చింది.